జరూరత్ నేర్పిన హునర్: పానా పట్టిన మన చేతుల తారీఖ్

మాది కొల్లూరు అని చెప్పగానే కొత్తవాళ్లు అడిగే సవాల్ ఒకటే. "కోహినూర్ దొరికిందంటారే, ఆ కొల్లూరేనా?" కాదు భాయ్. ఆ వజ్రాల కొల్లూరు పల్నాడు వైపు, పులిచింతల దగ్గర. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వ్యాపారి టావెర్నియర్ వచ్చి చూసిన గనులవి. ఇప్పుడు ఆ చోటు రిజర్వాయర్ నీళ్ల కింద ఉంది. మాది తెనాలి నుంచి వేమూరు మీదుగా తూర్పుకు వెళ్తే కృష్ణ ఒడ్డున వచ్చే కొల్లూరు. మొన్నటిదాకా గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. లంకల్లో అరటి, పసుపు. ఏటి వైపు ఇటుక బట్టీలు. వజ్రాలు లేవు. మా మామూ ఇంటి ముందు వేపచెట్టు కింద ఒక పాత అంబాసిడర్ ఉండేది, అంతే.

ఈ మజ్మూన్ ఆ అంబాసిడర్ గురించే. ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పేస్తాను. ఈ మధ్య మా చిన్నోడికి స్కూల్లో 'మా కుటుంబం, మా వృత్తులు' అని ప్రాజెక్టు ఇచ్చారు. "అబ్బా, మీ మామూ ఏం చేసేవారు?" అని అడిగాడు. ఫోన్ చూసుకుంటూనే, "ట్రాన్స్‌పోర్ట్ బిజినెస్ రాసుకో బేటా" అన్నాను. వాడు రాసుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెలుగు డిగ్రీలో చేరిన కొత్తలో దోస్తులు అడిగితే సరిగ్గా ఇదే ఝూట్ చెప్పాను. మామూకి ఒక్క కారే ఉండేది. దాన్ని తనే నడిపేవాడు, తనే విప్పేవాడు, తనే బిగించేవాడు. గోళ్ల సందుల్లో గ్రీజు ఈద్ రోజు కూడా పోయేది కాదు. ఆ గ్రీజు చూసి పిల్లప్పుడు నేను సిగ్గుపడ్డాను. ఇరవై ఏళ్లు దాటినా ఆ సిగ్గు పోలేదని ఆ రాత్రి తెలిసింది.

మన మజ్లిసుల్లో అల్ జజరీ పేరు గర్వంగా చెప్పుకుంటాం. 1206లో యంత్రాల మీద కితాబ్ పూర్తి చేశాడు, నీళ్లు తోడే మిషన్లో క్రాంకు వాడాడు, నేటి ఇంజన్లలోనూ ఆ క్రాంకే తిరుగుతోంది అంటాం. నిజమే. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఇంజనీరు పేరు తెలిసిన మనకి, పక్క సందులో షెడ్డు పెట్టుకున్న ఉస్తాద్ ఆ పని ఎవరి దగ్గర నేర్చుకున్నాడో తెలీదు. అడగం కూడా. అందుకే ఈ తారీఖ్.

జట్కా దిగి మోటారెక్కాం

కోస్తా ఊళ్లలో పాతవాళ్లని అడగండి. స్టేషన్ బయట జట్కా అంటే జట్కా సాయిబే. గుర్రానికి దాణా పెట్టడం, నాడాలు చూసుకోవడం, చక్రానికి కందెన వేయడం, రాత్రి పూట ఇరుసు విరిగితే దారిలోనే ఏదో ఒకటి చేసి బండిని ఇంటికి చేర్చడం, ఇదంతా ఆయన పనే. మోటారు వచ్చాక ఆ ఇళ్ల పిల్లలే క్లీనర్లుగా, డ్రైవర్లుగా, ఆ తర్వాత మిస్త్రీలుగా మారారని నా అందాజా. దీనికి ఇంకో కారణం కూడా కనిపిస్తుంది. కమ్మరం, వడ్రంగం, కంసాలి పని, వీటన్నిటికీ కులాలున్నాయి, తరాల వారసత్వం ఉంది. మోటారు మాత్రం కొత్తగా వచ్చింది. అది ఎవరి తాతల సొత్తూ కాదు. పొలం లేనివాడికి, పెద్ద చదువు లేనివాడికి ఆ తలుపు తెరిచి ఉంది. మనవాళ్లు అందులోంచి లోపలికి వెళ్లారు.

నిజాం ఇలాకాలో కథ వేరు. అక్కడ 1932లో నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు ట్రాన్స్‌పోర్ట్ విభాగం పెట్టినప్పుడు ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. స్కాట్లండ్ నుంచి వచ్చిన ఆల్బియన్ బళ్లు అవి. 1942లో హైదరాబాదులో ఆల్విన్ ఫ్యాక్టరీ మొదలైంది. సర్కారు ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్‌తో కలిసి దాన్ని పెట్టినవాళ్లు అల్లాఉద్దీన్ అండ్ కంపెనీ. బస్సు బాడీలు అక్కడే కట్టారు. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. నిజాం ఫౌజ్ రద్దయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఫౌజ్ మీద, దేవిడీల మీద బతికిన ఎన్నో ఖాందాన్లకి ఒక్కసారిగా రోజీ పోయింది. తలవార్ పట్టిన ఇంటి పిల్లలు స్టీరింగ్, పానా పట్టుకోవాల్సి వచ్చింది. అది షౌక్ కాదు, మజ్‌బూరీ.

బొగ్గు బస్సు నేర్పిన పాఠం

ఆంధ్ర వైపు మోటారు మనిషికి అసలు ఇమ్తెహాన్ రెండో ప్రపంచ యుద్ధం. పెట్రోలు ఫౌజ్‌కి పోయింది, జనానికి రేషన్ మిగిలింది. అప్పుడు వచ్చాయి బొగ్గు బస్సులు. పెద్దవాళ్ల యాదుల్లో అవి ఇంకా ఉన్నాయి.

బస్సు వెనక డ్రమ్ములాంటి పొయ్యి ఉండేది. అందులో కట్టె బొగ్గు వేసి రాజేసేవాళ్లు. క్లీనరు పొద్దున్నే లేచి, హ్యాండిల్ పట్టుకుని గాలిపంకా తిప్పుతూ ఉండాలి. బొగ్గుకి గాలి సరిపడా అందకుండా కాలిస్తే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా ఉన్న గ్యాస్ పుడుతుంది. దాన్ని చల్లార్చి, వడకట్టి ఇంజన్లోకి పంపేవాళ్లు. బండి కదిలేది కానీ బలం చాలేది కాదు. వంతెన ఎక్కాలంటే జనం దిగి తోయాల్సిందే.

ఆ బండి రోజూ ఏదో ఒక బీమారీ తెచ్చుకునేది. బూడిద, తారు పేరుకుని వడపోత మూసుకుపోయేది. వాల్వులకి మసి పట్టేది. ఎక్కడైనా లీకైతే ఆ గ్యాస్ మనిషి ప్రాణం తీసేంత జహర్. దారిలో ఆగిపోతే కంపెనీ మనిషి రాడు. డ్రైవరు, క్లీనరు కలిసి వాళ్లే విప్పాలి, తుడవాలి, బిగించాలి. బండి నడపడం, బండి బాగు చేయడం రెండూ ఒకే మనిషి పని కావడం మన రోడ్ల మీద ఆ రోజుల్లో బాగా బలపడింది. యుద్ధం 1945లో అయిపోయింది, ఆ చేతులకి వచ్చిన పని మాత్రం మిగిలిపోయింది.

కంపెనీలు పోయాయి, కార్లు మిగిలాయి

తర్వాతి దెబ్బ శాంతి కాలంలో తగిలింది. ఫోర్డ్ వాళ్లు 1926లో ఇండియాలో కంపెనీ పెట్టారు. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో కార్లు బిగించే ఫ్యాక్టరీ తెరిచింది. విడిభాగాలు ఓడల్లో వచ్చేవి, ఇక్కడ బిగించి అమ్మేవాళ్లు. ఫోర్డ్‌లు, షెవర్లేలు జమీందార్ల ఇళ్లకీ, బస్సు ఓనర్ల షెడ్డులకీ అలా చేరాయి. స్వరాజ్యం వచ్చాక ప్రభుత్వం ఒక ఫైసలా చేసింది. ఊరికే బిగించి అమ్మితే కుదరదు, భాగాలు ఇక్కడే తయారు చేసే ప్లాను ఉన్నవాళ్లే ఉండండి, లేనివాళ్లు దుకాణం కట్టేయండి అని 1953లో తేల్చి చెప్పింది. ఆ రెండు కంపెనీలూ కాస్త అటూ ఇటూగా వెళ్లిపోయాయి. ఆ ఏడాదే అక్టోబరు 1న మన జిల్లాలు మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చాయి.

దేశానికి ఆ ఫైసలా మంచిదో కాదో ఆర్థికవేత్తలు తేల్చుకుంటారు. మెకానిక్ వైపు నుంచి చూడండి. కంపెనీ పోయింది. అది అమ్మిన కార్లు, లారీలు రోడ్డు మీదే ఉన్నాయి. వాటి బేరింగు, గేరు, యాక్సిల్ ఇక ఎవరు పంపుతారు? అప్పుడే లేత్ మిషన్ ముందు నిలబడ్డ మనిషి విలువ పెరిగింది. విరిగిన ముక్కని చేతిలో పెట్టుకుని, కాలిపర్ తో కొలిచి, ఇనుప కడ్డీలోంచి దాని జోడీని చెక్కేవాడు. ఒక కంపెనీ ఇంజన్‌కి ఇంకో కంపెనీ కార్బొరేటర్ పట్టించేవాడు. చచ్చిన రెండు లారీల్లోంచి ఒక బతికిన లారీ లేచేది.

సరిగ్గా ఇలాంటి దాస్తాన్ క్యూబాలో నడిచింది. విప్లవం తర్వాత అమెరికా వ్యాపారం ఆపేసింది, 1962 నాటికి ఆ బందీ పూర్తయింది. 1950ల నాటి షెవర్లేలు, ప్లిమత్‌లు అక్కడే చిక్కుకుపోయాయి. క్యూబా జనం వాటిలో రష్యా ఇంజన్లు పెట్టి, భాగాలు చేత్తో చేసుకుని దశాబ్దాలు నడిపారు. ప్రపంచమంతా వెళ్లి ఆ కార్లకి ఫోటోలు తీసుకుంటుంది, ఆ మెకానిక్‌లని మెచ్చుకుంటుంది. మన మిస్త్రీలు చేసిందీ అదే పని. వాళ్లకి ఫోటోలు లేవు.

1960ల్లో విజయవాడలో జవహర్ ఆటోనగర్ ఏర్పడింది. లారీల బాడీ కట్టడం నుంచి స్ప్రింగు పట్టీల దాకా, బోరింగు నుంచి సీటు కుట్టు దాకా అన్నీ ఒక్క చోటే. కృష్ణ, గుంటూరు జిల్లాల షెడ్డులకి అది యూనివర్సిటీలాంటిది. అక్కడ పని నేర్చుకుని వచ్చానంటే ఊళ్లో ఆ మిస్త్రీ మాటకి వజన్ ఉండేది.

వేపచెట్టు కింద మామూ

ఇక మా కొల్లూరుకి వస్తాను. అప్పట్లో కొత్త కారు కొనాలంటే మూడే పేర్లు. అంబాసిడర్, ఫియట్, మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్. బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. మొదటి మారుతి 800 తాళాలు 1983 డిసెంబరులో ఇచ్చారు. మా వైపు టాక్సీ అంటే ఆ తర్వాత చాలా ఏళ్లు కూడా సెకండ్ హ్యాండ్ అంబాసిడరే. మామూ 1980ల్లో ముమానీ గాజులు అమ్మి, మిగతాది అప్పు తెచ్చి, 1972 మోడల్ మార్క్ టూ కొన్నాడు. షాదీలకి, ఆస్పత్రులకి, తెనాలి రైలు అందుకునేవాళ్లకి కిరాయి తిప్పేవాడు. నడపడం తప్ప ఏమీ రాదు.

మొదటి ఏడాదే ఇజ్జత్ పోయింది. దుల్హా బారాత్ తీసుకెళ్తుంటే వేమూరు దాటాక బండి ఆగిపోయింది. తెనాలి ఇరవై కిలోమీటర్ల దూరం. మనిషి సైకిల్ మీద వెళ్లి మిస్త్రీని తెచ్చేసరికి పొద్దు వాలింది. దుల్హా లారీ ఎక్కి నికాకి వెళ్లాడు. మిస్త్రీ బానెట్ ఎత్తి, ఏదో చిన్న ముక్క గీకి, రెండు నిమిషాల్లో స్టార్ట్ చేశాడు. కిరాయి అడ్వాన్సు వాపస్ ఇవ్వాల్సి వచ్చింది, మిస్త్రీకి ఇంకా డబ్బివ్వాల్సి వచ్చింది. ఆ రాత్రి మామూ అన్న మాట ముమానీ ఎన్నోసార్లు చెప్పింది. "రెండు నిమిషాల పని రాక నేను రోజంతా ఫకీర్‌లా రోడ్డు మీద కూర్చున్నా."

మర్నాటి నుంచి కిరాయి లేని రోజల్లా తెనాలి వెళ్లి ఒక ఉస్తాద్ షెడ్డులో కూర్చోవడం మొదలెట్టాడు. అప్పటికే ముప్పై అయిదు దాటిన మనిషి, పన్నెండేళ్ల శాగిర్దులతో పాటు కిరసనాయిల్లో బోల్టులు కడిగాడు. ఉస్తాద్ చదువుకోలేదు. ఆయన ఒకే ఒక సబక్ పదే పదే చెప్పేవాడట: "పహ్లే సున్‌నా, బాద్ మే ఖోల్‌నా." ముందు విను, తర్వాత విప్పు. ఇంజన్ ఏ చప్పుడు చేస్తోంది, ఏ సిలిండర్ మిస్ అవుతోంది, పొగ తెల్లగా వస్తోందా నల్లగా వస్తోందా అని చూడకుండా పానా పట్టుకుంటే చేతి మీద ఒకటి పడేది.

దారిలో ఆగిపోయిన ఆ 'చిన్న ముక్క' పాయింట్లు. పాత పెట్రోలు ఇంజన్లో డిస్ట్రిబ్యూటర్ లోపల రెండు చిన్న లోహపు బిళ్లలు కలుస్తూ విడిపోతూ ఉంటాయి. విడిపోయిన ప్రతిసారీ కాయిల్లోంచి ప్లగ్గుకి నిప్పురవ్వ పోతుంది. కొన్నాళ్లకి బిళ్లలు కాలి గుంటలు పడతాయి, గ్యాప్ మారుతుంది, రవ్వ బలహీనమవుతుంది. రేతీతోనో గరుకు కాగితంతోనో గీకి, గ్యాప్ మళ్లీ సరిచేయాలి. అంబాసిడర్‌కి ఆ గ్యాప్ అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను. షెడ్డులో 'పదిహేను థౌ' అంటారు. కొలవడానికి ఫీలర్ గేజ్ కావాలి. మామూ దగ్గర లేదు. ఉస్తాద్ గేజ్ పక్కన పెట్టి పోల్చి, సరిగ్గా అంతే మందం ఉన్న ఒక షాదీ కార్డు ముక్క కత్తిరించుకుని జేబులో పెట్టుకున్నాడు. ఏళ్ల తరబడి అదే ఆయన గేజ్.

నాలుగు ప్లగ్గులకి నిప్పు వరసగా పోదు. ఒకటి, మూడు, నాలుగు, రెండు, ఈ తర్తీబ్‌లో పోవాలి. వైర్లు తారుమారైతే బండి దగ్గుతుంది కానీ లేవదు. మొదటిసారి అన్నీ ఒకేసారి పీకేసి మామూ రెండు రోజులు అవస్థ పడ్డాడు. అప్పుడు ముమానీ రంగంలోకి దిగింది. ఆమె ఉర్దూ చదువుకున్న మనిషి. ప్రతి వైరుకీ దారంతో ఒక చీటీ కట్టింది, ఉర్దూ అంకెలు వేసి. విప్పిన ప్రతి నట్టునీ పాత దుప్పటి మీద విప్పిన వరసలోనే పెట్టించింది. కుట్టు మిషన్ ఆయిల్ డబ్బా ముక్కుతో డిస్ట్రిబ్యూటర్లో రెండు చుక్కలు వేసేది. ఆ తర్వాత ఒక కాపీ మొదలెట్టింది. ఏ తారీఖున ఏం పాడైంది, ఎలా బాగైంది, ఎంత ఖర్చు, తెనాలి పోకుండా ఎంత మిగిలింది, అన్నీ ఉర్దూలో.

ఆ కాపీలో ఉన్న నుస్ఖాలు కొన్ని చెప్తాను, మన తారీఖ్‌లో వీటికీ చోటుండాలి. ఎండాకాలం పెట్రోలు పంపులోనే ఆవిరైపోయి బండి ఆగితే, పంపు మీద తడిగుడ్డ కప్పి కాసేపు ఆగు. పెట్రోలు ట్యాంకు చెమర్చితే, ఒంటిసబ్బు అరగదీసి రుద్దు, తెనాలి దాకా వెళ్తావు. వానలో తడిసి స్టార్ట్ కాకపోతే, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పొడిగుడ్డతో తుడువు, రవ్వ దారి తప్పేది ఆ తడి వల్లే. రేడియేటర్ సన్నగా కారుతుంటే చిటికెడు పసుపు వెయ్యి. ఇంటి చుట్టూ పసుపు పండే ఊరు, దుగ్గిరాల యార్డు పక్కనే, ఆ దవాకి లోటు లేదు. పసుపు ఎక్కువైతే సన్న గొట్టాలన్నీ మూసుకుపోయి ఇంజన్ వేడెక్కుతుందని కూడా కాపీలో ఉంది. అది ఒకసారి అయ్యాకే రాసినట్టుంది.

ఇవన్నీ ఇల్లు చేరేదాకా పనికొచ్చే ఇలాజులు, అసలు మరమ్మతు కాదు. ఆ ఫరక్ మామూకి బాగా తెలుసు. బ్రేకుల విషయంలో మాత్రం జుగాడ్ హరాం అనేవాడు. "ఇంజన్ ఆగితే ఇంటికి లేటవుతాం, బ్రేకు పోతే ఇంటికే రాం." బోరింగు, క్రాంకు పని వస్తే తన చేత కాదని ఒప్పుకుని ఆటోనగర్‌కి పంపేవాడు.

షెడ్డు జుబాన్

మా కాలేజీలో తెలుగు మాస్టార్లు పారిభాషిక పదాల గురించి చెప్తుంటే నాకు షెడ్డే గుర్తొచ్చేది. పానా, పేచ్‌కస్, రేతీ, చాబీ, మిస్త్రీ, ఉస్తాద్. తెలుగు మాత్రమే వచ్చిన కుర్రాడు కూడా షెడ్డులో చేరితే వారంలో ఇవన్నీ వస్తాయి. మిస్త్రీ, చాబీ అనే మాటలు పోర్చుగీసు వాళ్ల నుంచి వచ్చినవి. స్పేర్ చక్రాన్ని మనం స్టెప్నీ అంటాం కదా, అది వేల్స్‌లోని లనెల్లీ అనే ఊరి వీధి పేరు. 1904 ప్రాంతంలో ఆ స్టెప్నీ వీధిలో స్పేర్ చక్రం తయారు చేసి అమ్మారు. ఆ కంపెనీ ఎప్పుడో పోయింది, పేరు మన పంచర్ షాపుల్లో బతికుంది. ఇక జాకీ, సెల్ఫ్, గ్యాస్కెట్, టింకరింగ్ ఇంగ్లీషు నుంచి వచ్చి మన నోట్లో అరిగిపోయాయి. "చౌదా-పంద్రా పానా దే రే" అని ఉస్తాద్ అంటే హిందూ, క్రైస్తవ, ముసల్మాన్ శాగిర్దులందరికీ ఒకేలా అర్థమవుతుంది. ఉర్దూ బడులు మూతపడుతున్నాయని బాధపడతాం. ఉర్దూ మాటలు ఏ బోర్డూ లేకుండా, ఏ గ్రాంటూ లేకుండా రోజూ వినిపించే చోటు మెకానిక్ షెడ్డు.

సనద్ లేని తాలీమ్

2006లో సచార్ కమిటీ రిపోర్టు వచ్చినప్పుడు మనమంతా సర్కారీ నౌక్రీల లెక్కలే చూశాం. సొంత పనుల మీద, అందులోనూ మోటారు బళ్ల మరమ్మతులాంటి పనుల మీద ఆధారపడ్డ ముసల్మాన్లు ఎక్కువని కూడా ఆ రిపోర్టు చెప్పింది. మనం దాన్ని పస్మాందగీకి నిషానీగా మాత్రమే చదివాం. అందులో ఒక సచ్ ఉంది, ఒప్పుకోవాలి. పన్నెండేళ్లకి బడి మానేసి షెడ్డులో చేరిన పిల్లాడి కథని ఖూబ్‌సూరత్‌గా చెప్పడం నాకిష్టం లేదు. వాడికి బడే కావాలి. నేను బడికి వెళ్లగలిగింది మామూ నన్ను షెడ్డుకి పంపనివ్వకపోవడం వల్లే. అమ్మీ చేతిలో డబ్బు లేనప్పుడు నా ఫీజు ఆ అంబాసిడర్ కట్టింది.

అయితే గరీబీ వేరు, హునర్ వేరు. మనం రెండిటినీ ఒకే మూట కట్టి, గరీబీతో పాటు హునర్‌ని కూడా దాచేశాం. డాక్టరు, ఇంజనీరు అయిన పిల్లల పేర్లు షాదీ కార్డుల మీద వేస్తాం. ముప్పై ఏళ్లు చప్పుడు విని రోగం చెప్పిన మనిషిని 'పానా సాయిబు' అంటే నవ్వుకుంటాం. ఆయన దగ్గర సనద్ లేదు, అంతే తేడా. ఇప్పుడు దానికీ ఒక రాస్తా ఉంది. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, పని ముందే వచ్చినవాళ్లని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి పెట్టారు. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే ఆ విషయం చెప్పండి. బ్యాంకు లోనుకి, గల్ఫ్ నౌక్రీకి కాగితం అడుగుతారు, చెయ్యి అడగరు.

తాళం పడ్డ బానెట్లు

2000 తర్వాత పొగ నిబంధనలు బిగిసేకొద్దీ కొత్త కార్లలో కార్బొరేటర్ కనుమరుగైంది, పాయింట్లు పోయాయి. కంప్యూటర్ చెప్పినట్టు పెట్రోలు చిమ్మే ఇంజన్లు వచ్చాయి. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6. గాలి శుభ్రంగా ఉండాలి, దానికి నేను ఖిలాఫ్ కాదు. బండి నమ్మకంగా కూడా నడుస్తోంది. కానీ ఇప్పుడు లైటు వెలిగితే ముందు స్కానర్ పెట్టాలి, దాని కోడు అర్థం కావాలి. కొన్నిటికి కంపెనీ సాఫ్ట్‌వేర్ లేకపోతే భాగం మార్చినా బండి ఒప్పుకోదు. సందులో షెడ్డుకి ఆ దర్వాజా మూసుకుంటోంది.

ఈ లడాయి మనదొక్కటే కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం జనం 2012లో ఓటేసి మరీ, కార్ల రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకీ ఇవ్వాలని చట్టం తెచ్చుకున్నారు. మన దేశంలో 2022 డిసెంబరులో కేంద్రం 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెరిచింది, అందులో మోటారు బళ్లు కూడా ఉన్నాయి. స్కానర్ పట్టుకోవడం నేర్చుకున్న మన కుర్రాళ్లూ ఉన్నారు. 1953లో కంపెనీ పోతే వాళ్ల తాతలు లేత్ ముందు నిలబడ్డారు. వీళ్లు లాప్‌టాప్ ముందు కూర్చుంటున్నారు. జరూరత్ అదే, ఔజార్ మారింది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడని ముంచింది. 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది, మా కొల్లూరు లంకలు నీళ్లలో ఉన్నాయి. నీళ్లు తీశాక జనం చేసిన మొదటి పని, తడిసిన బండికి తాళం తిప్పి చూడటం. అదే కొంప ముంచేది. సిలిండర్లోకి నీళ్లు పోయి ఉంటే, గాలిలాగా నీళ్లు నొక్కుకుపోవు. పిస్టన్ పైకొచ్చి నీళ్లని గుద్దుకుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వేలల్లో పోయే పని లక్షకి చేరుతుంది. తాళం ముట్టుకోకుండా, బ్యాటరీ వైరు తీసేసి, తోసుకుంటూ షెడ్డుకి చేర్చాలి. ప్లగ్గులు విప్పి, చేత్తో ఇంజన్ తిప్పి నీళ్లు కక్కించాలి. ఆయిలు పాలలా తెల్లబడితే మార్చేయాలి. ఆ రోజు నేను ఫోన్లో చుట్టాలందరికీ చెప్పింది ఇదే. ఎక్కడ చదివావు అని అడిగారు. చదవలేదు, మామూ 1990 మే తుపాను తర్వాత వేపచెట్టు కింద చేస్తుంటే చూశాను. అప్పుడు నాకు పదేళ్లు. టార్చి పట్టుకుని నిలబడ్డాను, గ్రీజు అంటుకుంటుందని దూరంగా.

మామూ పోయి చాలా ఏళ్లయింది, అల్లాహ్ ఆయన మగ్ఫిరత్ చేయుగాక. కారు తుక్కుకి పోయింది. ముమానీ కాపీ 2009 వరదలో సగం తడిసి, సిరా కరిగిపోయింది. మిగిలిన సగం నా దగ్గరుంది. మొన్న దాన్ని తీసి మా చిన్నోడి ముందు పెట్టాను. వాడు ఇంగ్లీషు మీడియం, ఉర్దూ చదవలేడు. నేను చదివాను, వాడు విన్నాడు. షాదీ కార్డు గేజ్ దగ్గర నవ్వాడు. దుల్హా లారీ ఎక్కిన దగ్గర ఇంకా నవ్వాడు. తర్వాత ప్రాజెక్టు కాగితం తెచ్చి 'ట్రాన్స్‌పోర్ట్ బిజినెస్' కొట్టేసి ఏం రాయాలని అడిగాడు.

"మెకానిక్ రాయి" అన్నాను. "ముమానీ కూడా రాయనా?" అన్నాడు. నాకు తట్టని సంగతి అది. రాయమన్నాను.

మీ ఇంట్లో కూడా ఒక మామూ, ఒక చచ్చా, ఒక ఉస్తాద్ ఉండే ఉంటారు. బతికి ఉంటే ఈ జుమ్మా తర్వాత వెళ్లి పక్కన కూర్చోండి. మొదటి పానా ఎవరిచ్చారు, మొదటిసారి ఏ బండి విప్పారు, ఎవరి దగ్గర దెబ్బలు తిన్నారు అని అడగండి. ఏ భాషలో వస్తే ఆ భాషలో ఒక కాపీలో రాసుకోండి. ఆ కాపీని వరద నీళ్లకి అందనంత ఎత్తులో పెట్టండి.